కంప్యూటర్ గది తాళం తీయిద్దాం

గుడిమల్కాపూర్, భోజగుట్ట, ఆసిఫ్‌నగర్, కార్వాన్ బస్తీల అమ్మలకు, నాన్నలకు. పూల మార్కెట్, కూరగాయల మార్కెట్ అన్నలకు, అక్కలకు. మన పిల్లలకు చదువు చెప్పే సార్లకు, మేడమ్‌లకు.

మన మార్కెట్‌కు టెక్నాలజీ నేర్పడానికి ఎవరూ రాలేదు. చేవెళ్ల వైపు నుంచి బంతి, చామంతి బస్తాలు బండెక్కకముందే వాటి ఫొటో వాట్సాప్‌లో గుడిమల్కాపూర్ చేరుతుంది. రేటు అడిగేది వాయిస్ మెసేజ్‌లో, చెప్పేది వాయిస్ మెసేజ్‌లో. మూరల లెక్కన మల్లెపూలు అమ్మే అవ్వ బడి మొహం చూడకపోవచ్చు గానీ, సౌండ్ బాక్సు పలికితే తప్ప పొట్లం చేతికియ్యదు. పని పడింది, నేర్చుకున్నారు.

అదే ఇంటి పిల్ల పొద్దున బడికి పోతుంది. గుండె పాఠం వస్తుంది. పుస్తకంలో బొమ్మ, బొమ్మ చుట్టూ గీతలు, గీతల చివర పేర్లు. కర్ణిక, జఠరిక అని బట్టీ పడుతుంది. రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో చూడదు. ఇంటికొచ్చి నాన్న ఫోను తీసుకుని రీల్స్ చూస్తుంది. గుండె కొట్టుకోవడం చూపించే రెండు నిమిషాల వీడియో అదే ఫోనులో దొరుకుతుందని ఆ పిల్లకు చెప్పినవాళ్లు లేరు.

మన బడులకు టెక్నాలజీ రాలేదని అనలేం. వచ్చింది. ఆఫీసు గది దాకా వచ్చి ఆగింది. ప్రభుత్వ బడుల్లో 2025 ఆగస్టు 1 నుంచి టీచర్లు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నారు. తర్వాత పిల్లల హాజరు యాప్‌లో. మధ్యాహ్న భోజనం ఎందరు తిన్నారో యాప్‌లో. యూనిఫాం వచ్చిందా, పుస్తకాలు అందాయా, మొక్క నాటారా, దాని ఫొటో ఏదీ, అన్నీ యాప్‌లోనే. సార్ చేతిలో ఫోను పొద్దంతా పనిచేస్తూనే ఉంటుంది. పాఠం కోసం మాత్రం దాన్ని తీసే తీరిక దొరకదు.

మేం అడిగేది ఇదీ: ఆ ఫోను, బడిలో ఉన్న కంప్యూటర్, గోడకు తగిలించిన పెద్ద తెర పాఠంలోకి రావాలి. టీచర్ చేతి మీదుగానే రావాలి. అందుకు టీచర్‌కు టైము కావాలి, గదిలో కరెంటు ఉండాలి, నెట్ ఉండాలి, నేర్చుకునే వీలుండాలి. అవి ఇప్పించుకునే పని మనది.

నలభై ఏళ్లుగా ఇదే తంతు

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే ఫ్లైఓవర్‌కు పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. ఆయన అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామింగ్ దాకా నేర్చుకున్న మనిషి. 'ఈ వయసులో మాకెందుకండీ ఇవన్నీ' అనే సార్లు పిల్లర్ నంబర్లు చూసుకుంటూ పోయేటప్పుడు జర ఈ సంగతి తలుచుకోవాలి. దేశంలో బడులకు కంప్యూటర్లు ఇచ్చే మొదటి పెద్ద పథకం 'క్లాస్' 1984లో మొదలైంది. బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో యంత్రాలు తెచ్చి కొన్ని వందల బడుల్లో పెట్టారు. మరుసటి ఏడే పి.వి. కేంద్రంలో చదువుల మంత్రి అయ్యారు.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టారు. నడిపే బాధ్యత ఐదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. నేర్పే కంప్యూటర్ టీచర్లు ఆ కంపెనీల మనుషులు. 2013లో ఒప్పందం ముగిసింది, ఆ టీచర్లు రోడ్డున పడ్డారు. యంత్రాలు మిగిలాయి. నేర్పే మనిషి పోయాక యంత్రం ఏమవుతుంది? గదికి తాళం పడుతుంది. తాళంచెవి హెడ్మాస్టర్ సొరుగులో ఉంటుంది. ఏదన్నా చెడిపోతే తన మెడకు చుట్టుకుంటుందని ఆయన దాన్ని బయటికి తీయరు. ఆయన్ను తప్పుపట్టలేం. పాడైతే బాగుచేసే డబ్బు ఎవరిస్తారో ఏ కాగితంలోనూ లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

కరోనా రోజులు గుర్తున్నాయి కదా. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు బాగానే చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్నతో మార్కెట్‌కు పోయేది. టీవీ ఉన్న ఇంట్లోనూ పిల్లగాడు 'అర్థం కాలేదు' అంటే ఆ తెర వినదు. 'ఏ ముక్క అర్థం కాలేదురా' అని అడిగే గొంతు అందులో లేదు.

పక్క రాష్ట్రంలో ఇంకో పాఠం జరిగింది. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. వాటి నిండా బైజూస్ పాఠాలు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్ ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. పేదింటి పిల్ల చేతికి కొత్త ట్యాబ్ వస్తే ఆ పిల్ల ముఖం ఎట్ల వెలుగుతుందో మాకూ తెలుసు. కానీ చదువు మొత్తాన్ని ఒక కంపెనీ యాప్‌కు కట్టేస్తే ఆ కంపెనీ మునిగిన రోజు ఎవరిని అడగాలి?

గుజరాత్‌లో తేలిన లెక్క

లీ లిండెన్ అనే ఆర్థికవేత్త గుజరాత్‌లో పేద పిల్లలు చదివే బడుల్లో ఒక పరిశీలన చేశారు. 2008లో బయటికొచ్చింది. కంప్యూటర్లు అవే, అందులోని లెక్కల ఆటలూ అవే. ఒకచోట టీచర్ పాఠం చెప్పే గంటను తీసేసి ఆ గంటలో పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఇంకోచోట టీచర్ గంటను ముట్టుకోలేదు, బడి వేళకు బయట అదనంగా కంప్యూటర్ గంట ఇచ్చారు. మొదటి చోట పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు. రెండో చోట ముందుకు పోయారు, అందులోనూ చదువులో వెనకున్నవాళ్లకే ఎక్కువ లాభం కలిగింది.

ఈ ఒక్క పరిశీలన ప్రతి హెడ్మాస్టర్ గది గోడకు అంటించాలి. ప్రతి మంత్రి గది గోడకు కూడా.

అంతకు ముందు వడోదరలో ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు ఆడించింది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు పిల్లలు. లెక్కల మార్కులు బాగా పెరిగాయి. ఈ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. కాబట్టి 'పిల్లకొకటి ఉంటేనే' అనే సాకు వద్దు. పెరూ దేశం పిల్లకొక ల్యాప్‌టాప్ లెక్కన పంచి చూసింది. 319 పల్లె బడుల మీద పరిశీలన చేస్తే, పదిహేను నెలల తర్వాత కూడా లెక్కల్లో గానీ భాషలో గానీ ఎదుగుదల కనిపించలేదని 2012లో తేలింది. పంచారు, వెళ్లిపోయారు. పాఠంలో దాన్ని ఎట్ల వాడాలో టీచర్లకు నేర్పింది తక్కువ.

దూరం ఎందుకు, మన హైదరాబాద్ కథే చూడండి. సుగత మిత్ర పేరు వినే ఉంటారు, 1999లో ఢిల్లీ కల్కాజీలో గోడకు కన్నం చేసి బస్తీ పిల్లలకు కంప్యూటర్ పెట్టిన ఆయన. పిల్లలకు టీచర్ లేకున్నా నడుస్తుంది అనేదాకా వెళ్లిన మనిషి. ఆయన హైదరాబాద్ పిల్లలతోనూ పనిచేశారు. ఇంగ్లిష్ పలుకుబడి మీద 16 మంది పిల్లలతో ఇక్కడ చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. తర్వాత ఒకసారి స్కైప్‌తో ఏం చేయాలని ఉందని అడిగితే, బ్రిటన్ అమ్మమ్మలు కథలు చదివి వినిపిస్తే బాగుంటుందని పిల్లలు చెప్పారట. 2009 నుంచి బ్రిటన్‌లో రిటైరైన టీచర్లు, పెద్దవాళ్లు తెర మీద కనిపించి పిల్లలకు కథలు చెప్పడం మొదలుపెట్టారు. చూశారా, ఆడుకోవడానికి ఏం కావాలన్నా అడగగలిగిన పిల్లలు మనిషిని అడిగారు. కథ చెప్పి, మధ్యలో ఆగి, 'శభాష్' అనే మనిషిని.

సార్లకు, మేడమ్‌లకు

మీ పిల్లల పుస్తకం తెరిస్తే పాఠంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది. దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో వస్తుంది. ఉచితం. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. ఈ పద్ధతి ఢిల్లీ ఆఫీసులో పుట్టలేదు. తరతరాలుగా మన పద్మశాలీలు మగ్గం నేసిన సోలాపూర్ ఊరున్న జిల్లాలోనే, పరితెవాడి అనే పల్లెలో జిల్లా పరిషత్ ప్రాథమిక బడి ఉంది. అక్కడి టీచర్ రంజిత్‌సింహ్ దిసాలే తన పిల్లల ఇంటి భాష కన్నడం అని గుర్తించి, తాను ఆ భాష నేర్చుకుని, పుస్తకాలను అందులోకి మార్చి, పాటలు, పాఠాలు వినడానికి పుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు అంటించారు. తర్వాత మహారాష్ట్ర మొత్తం ఆ దారి పట్టింది. 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది, పది లక్షల డాలర్లు. సగం తనతో పాటు చివరి దాకా నిలిచిన టీచర్లకు పంచేశారు. ఆయన్ను పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. పిల్లల ఇంటి భాష ఏమిటని ముందు చూశారు, యంత్రాన్ని తర్వాత తెచ్చారు. మన తరగతుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పుస్తకం చూస్తే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఉర్దూ ఇంటి పిల్లకు ఆ రెండూ కష్టమే. అక్కడ ఒక ఆడియో ముక్క ఎంత పని చేస్తుందో మీకన్నా బాగా ఎవరికి తెలుసు?

మీరు ఏం చేయాలో చెప్పే అధికారం మాకు లేదు. మాకు కనిపించినవి చెబుతాం.

ఏడో తరగతి లెక్కల్లో దత్తాంశ నిర్వహణ పాఠం ఉంది. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం. పుస్తకంలో ఎవరో క్రికెటర్ పరుగులు ఇస్తారు. మన పిల్లల్లో ఎందరికో రోజూ పొద్దున పూల రేటు తెలుసు. సద్దుల బతుకమ్మకు పది రోజుల ముందు నుంచి కిలో బంతి రేటు రాసుకురమ్మనండి. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక్కో పిల్ల ఒక్కో అంకె కొట్టాలి. గ్రాఫ్ గీయమంటే గీత మామూలుగా పోయి పోయి పండుగ ముందు రోజు నిటారుగా లేస్తుంది. అప్పుడు అడగండి: ఈ పది రోజుల సగటు రేటు ఒక్క రోజైనా నిజంగా పలికిందా? సగటు ఎక్కువ చెబుతుందా, మధ్యగతం ఎక్కువ చెబుతుందా? లేచిన ఆ గీతలో రైతుకు ఎంత చేరింది, మధ్యలో ఎవరికి ఎంత మిగిలింది? ఈ చివరి ప్రశ్న సిలబస్‌లో లేదు. అయినా అడగండి, జవాబు కోసం పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను నిద్రపోనివ్వరు. ఆ గంటలో కంప్యూటర్ చేసింది గీత గీయడం ఒక్కటే. ఆలోచన అంతా పిల్లలది, ప్రశ్న మీది.

భూగోళం గంటలో ఉపగ్రహ పటం తెర మీద పెట్టండి. ముందు ప్రతి పిల్లా తన గల్లీ వెతుక్కోవాలి, ఆ గోల అయిపోనివ్వండి. తర్వాత మూసీ వెంట వెనక్కి పోవాలి, ఉస్మాన్‌సాగర్ దాటి వికారాబాద్ అనంతగిరి దాకా. 1908 సెప్టెంబర్ వరద కథ అక్కడే చెప్పండి. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని చెప్పండి. తెర ఆపేసి, చూసిన నదిని కాగితం మీద గీయమనండి. గీసినప్పుడే గుర్తుంటుంది.

సైన్స్‌కు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఫెట్' వెబ్‌సైట్ ఉంది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, ఉచితం, చాలా ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. విద్యుత్ వలయంలో బల్బు ఎందుకు ఆరిపోయిందో పిల్లలు తెర మీద తీగ కలిపి, విడదీసి చూడొచ్చు. ఆ మర్నాడు నిజం బ్యాటరీ, నిజం బల్బు తెప్పించండి.

'పిల్లలకు మాకన్నా ఎక్కువ తెలుసు, వాళ్ల ముందు తప్పు బటన్ నొక్కితే నవ్వుతారు' అని కొందరు మేడమ్‌లు చాటుగా అంటారు. నవ్వనివ్వండి. బటన్ వాళ్లనే నొక్కమనండి, ప్రశ్న మీరు వేయండి. చాట్‌బాట్‌తో హోంవర్క్ రాయించుకొచ్చిన పిల్లగాణ్ని తిట్టే బదులు బోర్డు దగ్గర నిలబెట్టి 'ఇందులో రెండో వాక్యం నాకు అర్థమయ్యేలా చెప్పు' అనండి. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. వారానికి ఒక్క పాఠం చాలు. ప్రతి గంటా తెర వెలగాలని మేం అడగడం లేదు, అట్ల వెలిగే బడిని చూస్తే మాకు భయమే.

అమ్మలకు, నాన్నలకు

'ఫోను చేతికిస్తే పాడైపోతారు' అనే భయం అబద్ధం కాదు. పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద అసర్ సంస్థ 2024లో సర్వే చేస్తే, నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. అంతకు ముందు వారంలో వాళ్లలో చదువు కోసం వాడింది నూటికి 57 మంది, సోషల్ మీడియా కోసం 76 మంది. ఫోను లాక్కుంటే ఈ అంకెలు మారవు. బడిలో టీచర్ పక్కన ఉండగా ఫోనును చదువుకు వాడడం ఒకసారి చూసిన పిల్లకు ఇంట్లో కూడా ఆ దారి తెలుస్తుంది.

మీరు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. అది కొంచెం గట్టిగా చేయాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. అంటే అడిగే కుర్చీ మీదే. ఆ కుర్చీలో కూర్చుని సంతకం పెట్టి వచ్చేస్తే లాభం లేదు. కంప్యూటర్ గదికి తీసుకుపొమ్మనండి. ఎన్ని ఆన్ అవుతాయో మీ కళ్లతో చూడండి. నెట్ బిల్లు ఎవరు కడుతున్నారో, ఎన్ని నెలలుగా కడుతున్నారో అడగండి. పోయిన వారం ఏ తరగతికి, ఏ పాఠానికి తెర వాడారో అడగండి. పోట్లాటకు పోయినట్టు అడగొద్దు. చాలాసార్లు సార్‌కు కూడా ఇదే ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది.

అదే చట్టంలో 27వ సెక్షన్ ఉంది. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని చెబుతుంది. ఫొటోలు, అప్‌లోడ్‌లు పాఠం చెప్పే గంటల్లో వద్దని కమిటీ తీర్మానం రాసి విద్యాశాఖ అధికారికి పంపాలి. మీ పిల్లల కోసం మాట్లాడినట్టే టీచర్ టైము కోసం కూడా మీరు మాట్లాడాలి. వాళ్లు అడిగితే పని ఎగ్గొడుతున్నారంటారు. మీరు అడిగితే ఆ మాట అనలేరు.

ప్రైవేటు బడికి పంపేవాళ్లకు ఒక్క మాట. 'స్మార్ట్ క్లాస్ ఫీజు' అని రసీదులో రాశారా? అయితే నెలలో ఏ పాఠాలు ఆ తెర మీద చెప్పారో డైరీలో రాసి పంపమనండి. కట్టిన డబ్బుకు లెక్క అడగడం మార్కెట్‌లో మనకు కొత్త కాదు కదా.

దుకాణాల అన్నలకు

మీ ఇంట్లో మూలన పడ్డ పాత కంప్యూటర్ బడికి దానం ఇవ్వకండి. అది అక్కడ ఇంకో మూలన పడుతుంది. మెహిదీపట్నంలో మొబైల్ రిపేరు చేసే తమ్ముళ్లు నెలకొకసారి ఒక గంట బడికి వచ్చి, ఆగిపోయిన కంప్యూటర్లలో ఏది ఏ చిన్న భాగం మారిస్తే నడుస్తుందో చూసి కాగితం మీద రాసిస్తే పెద్ద సాయం. కరెంటు పని తెలిసిన అన్న ఒకరు వచ్చి గదిలో ప్లగ్గులు, ఎర్తింగ్ చూడాలి. పెద్ద కమీషన్ ఏజెంట్లు కొందరు కలిసి ఒక బడి నెట్ బిల్లు ఏడాది పాటు కట్టగలరు. మీ పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయించుకోండి, మాకు అభ్యంతరం లేదు.

రేపే చేయగలిగింది

ప్రతి బడికి 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే మీ బడికి ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయని, నెట్ ఉందా లేదా అని సర్కారు రికార్డు ఏం చెబుతుందో ఎవరైనా చూడొచ్చు. రికార్డులో ఉన్నది గదిలో లేకపోతే ముందు హెడ్మాస్టర్‌ను మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి, 30 రోజుల్లో సమాచారం ఇచ్చి తీరాలి. రాయడం రానివాళ్లకు మేం రాసిస్తాం.

వచ్చే ఆదివారం పొద్దున, మార్కెట్ పని తగ్గాక పదకొండింటికి, పూల మార్కెట్ గేటు దగ్గర కలుద్దాం. మీ పిల్లల పుస్తకం ఒకటి, ఫోను, తెలిస్తే బడి యూడైస్ కోడ్ తెచ్చుకోండి. దీక్షా యాప్ ఎట్ల పెట్టుకోవాలో, క్యూఆర్ ఎట్ల స్కాన్ చేయాలో అక్కడే చూపిస్తాం. పిల్లల్ని వెంట తీసుకురండి, వాళ్లే తొందరగా నేర్పుతారు. పక్కింటివాళ్లు ఉర్దూ మాత్రమే చదవగలిగితే ఈ కాగితం వాళ్లకు చదివి వినిపించండి. ఉర్దూ కాపీలు ఆ రోజు గేటు దగ్గరే ఉంటాయి.

— గుడిమల్కాపూర్ బస్తీ తల్లిదండ్రులు, కొందరు టీచర్లు